స్లైడ్‌లో బాణం సెలెక్ట్ కావట్లేదా? మౌస్ పక్కన పెట్టి ముందు ఆల్ట్+ఎఫ్10 నొక్కండి

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ స్కూల్లో ఇదివరకు పనిచేసిన సైన్స్ సార్ వదిలివెళ్లిన పీపీటీలో నల్గొండ టెక్నిక్ మీద ఒక స్లైడ్ ఉంది. బోరు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలపడం, తిప్పడం, తేర్చడం, వడకట్టడం అని వరసగా డబ్బాలు గీసి మధ్యలో బాణాలు పెట్టారు. అందులో ఒక బాణం తప్పు డబ్బా వైపు చూస్తోంది. దాన్ని తిప్పుదామని క్లిక్ చేస్తే ప్రతిసారీ పైనున్న టైటిలే సెలెక్ట్ అవుతోంది. మూలనున్న స్కూల్ లోగో అసలు పట్టుకే రావడం లేదు. నాలుగైదు డబ్బాలు ఒకేసారి పట్టుకుందామని మౌస్ లాగితే వెనకున్న చెరువు ఫోటో మొత్తం జరిగిపోతోంది. సైన్స్ ఫెయిర్ దగ్గర పడింది, ఫైల్ పాడైందేమోనని టెన్షన్ పడుతున్నారు.

ఫైల్‌కు ఏమీ కాలేదు. నేను నల్గొండలో గడియారం సెంటర్ దగ్గర డీటీపీ షాపులో పనిచేస్తాను. మహాత్మాగాంధీ యూనివర్సిటీ పిల్లల సెమినార్లు, బీఈడీ వాళ్ల లెసన్ పీపీటీలు మా దగ్గరికి చాలా వస్తుంటాయి. "అన్నా, ఎంత నొక్కినా పట్టుకుంటలేదే" అన్న మాట వినని వారం ఉండదు. ఎన్ని ఫైళ్లు చూసినా నాకు తేలింది ఒకటే. క్లిక్‌కు దొరకనిది ఏదైనా, ఎక్కువసార్లు దాని మీద ఇంకోటి పరుచుకుని ఉండాలి, లేదా అది ఆ స్లైడ్ మీద లేనేలేకుండా ఉన్నట్టు కనిపిస్తూ ఉండాలి. మీ బాణం మొదటి రకం, లోగో రెండో రకం. ఏది ఏ రకమో తేలకముందే మౌస్‌తో కుస్తీ పడితే సరిగ్గా ఉన్నవి కూడా చెదిరిపోతాయి. ముందు ఫైల్‌ను వేరే పేరుతో సేవ్ చేసుకుని, ఆ కాపీ మీద పని మొదలుపెట్టండి.

ఇక బాణం సంగతి. ఆ స్లైడ్ తెరిచి ఆల్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10 సౌండుకో ఇంకోదానికో పోతుంది, అలాంటప్పుడు ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి. అదీ కుదరకపోతే హోమ్ ట్యాబ్‌లో కుడి చివర సెలెక్ట్ అని ఉంటుంది, దాంట్లో సెలెక్షన్ పేన్. పవర్‌పాయింట్ 2007 నుంచీ ఉంది ఇది. అయినా తెలిసినవాళ్లు తక్కువ, కంప్యూటర్ కోర్సుల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కుడివైపు ఒక లిస్టు తెరుచుకుంటుంది. స్లైడ్ మీదున్న ప్రతి వస్తువు పేరూ అందులో ఉంటుంది: పిక్చర్ 7, రెక్టాంగిల్ 12, టెక్స్ట్‌బాక్స్ 4, ఇలా. లిస్టులో అన్నిటికంటే పైనున్నది స్లైడ్ మీద అన్నిటికంటే ముందుంది, కింద ఉన్నది అన్నిటికంటే వెనక ఉంది. మీ బాణాలు "స్ట్రెయిట్ యారో కనెక్టర్" అన్న పేరుతో నాలుగైదు కనిపిస్తాయి. ఒక్కో పేరు మీద క్లిక్ చేసుకుంటూ పోండి. స్లైడ్ మీద దేనికి చివర్ల చిన్న గుండ్రాలు వస్తే అది సెలెక్ట్ అయినట్టు. దాని మీద ఎన్ని పొరలున్నా ఫరవాలేదు. కావలసిన బాణం దొరికాక చివరి గుండ్రాన్ని పట్టుకుని సరైన డబ్బా అంచుకు లాగండి. ఆ గుండ్రం మీద కూడా టైటిలే అడ్డం పడితే, లిస్టులో టైటిల్ పేరు పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కండి, అది కాసేపు మాయమవుతుంది. పని అయ్యాక ఆ కన్ను మళ్లీ తెరవడం మరిచిపోవద్దు, ఎందుకంటే కన్ను మూసిన వస్తువు స్లైడ్ షోలో కూడా కనిపించదు. సెమినార్ హాల్లో నిలబడ్డాక టైటిల్ లేదని గుర్తించినవాళ్లు నాకు తెలుసు.

లిస్టులో పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పేరు మార్చుకోవచ్చు, తెలుగులో కూడా. "సున్నం డబ్బా", "పటిక బాణం" అని పెట్టుకుంటే యానిమేషన్ పెట్టేటప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది. యానిమేషన్ పేన్‌లో కూడా ఆ పేర్లే వస్తాయి.

అయితే టైటిల్ ఎక్కడో పైన ఉంటే బాణం దగ్గర క్లిక్ ఎందుకు పట్టుకుంటోంది? మన జిల్లాలో పాత పీపీటీలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అది టైప్ చేసిన టైటిల్ కాదు, బొమ్మ. అప్పట్లో తెలుగు అంటే పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్ పెట్టి కొట్టడమే. ఆ అక్షరాలు నేరుగా పవర్‌పాయింట్‌లోకి తెస్తే, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అందుకని షాపుల్లో ఆ టైటిల్‌ను పీఎన్‌జీ బొమ్మగా మార్చి అతికించేవాళ్లం. అక్షరాలు పైన ఒక వరసలోనే ఉంటాయి గానీ, బొమ్మ చట్రం మాత్రం పేజీ సైజులో కిందిదాకా ఉంటుంది. అక్షరాలు లేని చోటంతా పారదర్శకం, కంటికి ఏమీ కనిపించదు. క్లిక్‌కు మాత్రం ఆ ఖాళీ కూడా బొమ్మే. మీ డబ్బాలు, బాణాలు అన్నీ గాజు పలక కింద పెట్టినట్టు ఆ ఖాళీ కింద ఉన్నాయి.

ఇది నిజమో కాదో చూడటం సులువు. టైటిల్ సెలెక్ట్ అయినప్పుడు దాని చుట్టూ వచ్చే గుండ్రాలు ఎక్కడిదాకా ఉన్నాయో చూడండి. అడుగు వరసవి పటిక డబ్బా కిందికి వచ్చి ఉంటే నేను చెప్పిందే. అప్పుడు పిక్చర్ ఫార్మాట్‌లో క్రాప్ నొక్కి, కింది నల్ల పట్టీని పట్టుకుని అక్షరాల కిందిదాకా పైకి తోయండి. ఖాళీ భాగం పోతుంది, కిందివన్నీ మామూలుగా క్లిక్‌కు దొరుకుతాయి. టైటిల్‌ను సెండ్ టు బ్యాక్ చేయమని కొందరు చెబుతారు. మీ స్లైడ్‌లో అది పనికిరాదు, టైటిల్ చెరువు ఫోటో వెనక పడిపోయి అక్షరాలే కనిపించకుండా పోతాయి. నన్నడిగితే ఆ బొమ్మ తీసేసి, యూనికోడ్‌లో గౌతమి ఫాంట్‌తోనో నిర్మల యూఐతోనో టైటిల్ కొత్తగా కొట్టేయండి. నిర్మల యూఐ విండోస్‌తోనే వస్తుంది, గౌతమి మాత్రం కొత్త విండోస్‌లో విడిగా వేసుకోవాల్సి రావచ్చు. రేపు మీ తర్వాత వచ్చే టీచర్‌కైనా అక్షరం మార్చుకునే వీలుంటుంది.

లోగో కథ వేరే. దాని మీద రైట్ క్లిక్ చేసి, వచ్చే మెనూలో చూడండి. ఫార్మాట్ పిక్చర్ అని కాకుండా ఫార్మాట్ బ్యాక్‌గ్రౌండ్ అని వస్తే, ఆ చోట స్లైడ్ మీద ఏమీ లేనట్టే. సెలెక్షన్ పేన్‌లో కూడా దాని పేరు ఉండదు. అది స్లైడ్ మాస్టర్‌లో, అంటే స్లైడ్లన్నిటి వెనకా ఉండే మూసలో ఉంది. వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్ నొక్కితే ఎడమవైపు ఒక పెద్ద స్లైడ్, దాని కింద చిన్నచిన్నవి వస్తాయి. మీరు వచ్చిన స్లైడ్‌కు సంబంధించిన చిన్నది ముందే ఎంపికై ఉంటుంది. లోగో అందులో దొరకకపోతే పైనున్న పెద్దదాంట్లో చూడండి. పెద్దదాంట్లో మార్చింది ఆ మాస్టర్ వాడే స్లైడ్లన్నిటిలో మారుతుంది. ఒక్క స్లైడ్‌లో మాత్రమే లోగో వద్దనుకుంటే మాస్టర్ జోలికి పోనక్కర్లేదు, ఫార్మాట్ బ్యాక్‌గ్రౌండ్‌లో హైడ్ బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ పెడితే చాలు. ఇద్దరు ముగ్గురి పీపీటీలు కలిపి ఒకటి చేసిన ఫైళ్లలో మాస్టర్లు కూడా రెండు మూడు ఉంటాయి. ఒకచోట లోగో తీసినా ఇంకో స్లైడ్‌లో అలాగే కనిపిస్తే కంగారు పడకండి.

మౌస్ లాగితే చెరువు ఫోటో జరగడానికి కారణం, మీరు లాగడం మొదలుపెట్టిన చోటు ఫోటో మీద ఉండటమే. స్లైడ్ బయట బూడిదరంగు ఖాళీ ఉంటుంది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టి లోపలికి లాగండి. ఖాళీ కనిపించకపోతే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం వెనక్కి తిప్పండి, స్లైడ్ చిన్నదవుతుంది. పవర్‌పాయింట్‌లో ఒక వస్తువు పూర్తిగా ఆ చట్రం లోపలికి వస్తేనే సెలెక్ట్ అవుతుంది, సగం తగిలితే కాదు. ఇది మనకు లాభమే. చట్రాన్ని డబ్బాల వరకే గీస్తే, స్లైడంతా పరుచుకున్న ఫోటో పూర్తిగా లోపల పడదు కాబట్టి దాన్ని వదిలేసి డబ్బాలను మాత్రమే పట్టుకుంటుంది. ఆ ఫోటోతో ఇక పనేమీ లేకపోతే, కొత్త వెర్షన్లలో రైట్ క్లిక్ చేస్తే లాక్ అని వస్తుంది. లాక్ చేసినా సెలెక్ట్ అవుతుంది గానీ కదలదు.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తాను. డబ్బాను జరపబోతే లోపల కర్సర్ మెరుస్తూ ఉంటే ఎస్కేప్ ఒకసారి నొక్కండి, డబ్బా మొత్తం సెలెక్ట్ అవుతుంది. అక్కడి నుంచి ట్యాబ్ నొక్కుతూ పోతే ఒకదాని తర్వాత ఒకటి ఎంపికవుతుంటాయి, షిఫ్ట్ కలిపితే వెనక్కి. కర్సర్ లోపల ఉండగా ట్యాబ్ నొక్కితే ఖాళీ పడుతుంది తప్ప ఏమీ జరగదు, ఎస్కేప్ ముందు అన్నది అందుకే. నో ఫిల్ పెట్టిన, అంటే లోపల రంగు లేని డబ్బా మధ్యలో అక్షరాలు లేని చోట క్లిక్ చేస్తే దొరకదు, గీత మీదే చేయాలి. గ్రూప్ చేసినవైతే మొదటి క్లిక్‌కు గ్రూపంతా, రెండో క్లిక్‌కు లోపలిది వస్తుంది. పూర్తిగా విడదీయాలంటే కంట్రోల్+షిఫ్ట్+జి.

ఒక్క సందర్భంలో మాత్రం ఏ కిటుకూ పనిచేయదు. డబ్బాలు, బాణాలు అన్నీ కలిసి వాట్సాప్‌లో వచ్చిన ఒకే ఫోటో అయితే అందులో విడిగా బాణమంటూ ఏమీ ఉండదు. పేన్‌లో డబ్బాలు, బాణాలన్నిటికీ కలిపి ఒకే ఒక్క పిక్చర్ పేరు కనిపిస్తే అదే సంగతి. కొత్తగా గీసుకోవడం మేలు, అరగంట పని. గీస్తే ఇంట్లో బకెట్‌తో చేసే పద్ధతి కూడా పక్కన పెట్టండి. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు, బకెట్ బొమ్మ చూస్తే వాళ్లే మాట్లాడతారు.

మీ స్కూల్ కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ ఉంటే ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేయండి, వెనకున్నది దొరుకుతుంది. లినక్స్‌లో కొన్నిసార్లు ఆల్ట్‌తో క్లిక్ చేస్తే విండోయే కదులుతుంది, అప్పుడు ట్యాబ్‌తోనే పని కానివ్వండి. క్లాసులో ఉన్న టచ్ ప్యానెల్ మీద వేలితో ఇవన్నీ దిద్దాలని చూడకండి. సన్న బాణం వేలికి దొరకదు, ల్యాప్‌టాప్‌లో దిద్ది ప్యానెల్ మీద చూపించండి.

ఇవన్నీ చేసినా బాణం దొరకకపోతే, సెలెక్షన్ పేన్‌లో పైనుంచి కిందికి ఏ పేర్లు ఉన్నాయో వరసగా ఇక్కడే కామెంట్‌లో రాయండి. వరస చూస్తే ఏది దేని మీద ఉందో చెప్పగలను. సాయంత్రం షాపు కట్టేశాక చూస్తాను.