మాడు మీద నూగు

బిడ్డా,

ఆఖరి కీమో అయి నెల దాటినా జుట్టు రాలేదని ఏడుస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. మిర్యాలగూడలో ఇదే మంచం మీద కూర్చుని నేనూ ఏడ్చాను, అందుకే రాస్తున్నా.

కీమో మందు తొందరగా పెరిగే కణాలను కొడుతుంది. వెంట్రుక కుదుళ్ళలోని కణాలూ అలాంటివే, పాపం వాటికీ దెబ్బ తగులుతుంది. కానీ కుదుళ్ళలో కొత్త కణాలను పుట్టించే మూలకణాలు చాలామందికి బతికే ఉంటాయి. నీ తల నున్నగా ఉందే గానీ బీడు కాలేదమ్మా.

మన సాగర్ ఎడమ కాల్వ తెలుసు కదా. నాట్లప్పుడు నీళ్ళు వదిలితే పిల్ల కాల్వలన్నీ నిండుతాయి, కోతలయ్యాక సన్నబడతాయి. కుదురూ అంతే. వెంట్రుక పెరిగే రోజుల్లో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ తయారు చేసి తన చుట్టూ సన్నటి రక్తనాళాలను తనే పెంచుకుంటుంది, విశ్రాంతి దశలో అవి తగ్గిపోతాయి. మనం రుద్ది రక్తం రప్పించే పని లేదు. ఎవరో చెప్పారని నేను ఉల్లిగడ్డ రసం పట్టించి వారం రోజులు మాడు మండి నిద్రపోలేదు. నువ్వు ఆ పని చెయ్యకు.

రక్తనాళాలు పెంచుతాయని అమ్మే పొడులూ గోలీలూ అసలే ముట్టుకోకు. క్యాన్సర్ గడ్డ కూడా అదే ప్రోటీన్‌తో రక్తనాళాలను తనవైపు లాక్కుంటుంది. దాన్ని ఆపడానికే బెవాసిజుమాబ్ లాంటి మందులున్నాయి. మినాక్సిడిల్ లోషన్ జుట్టు తిరిగి రావడాన్ని కొందరిలో కొంచెం తొందర చేస్తుంది, అయినా నీ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

గుట్టకు పోయి తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందని మీ అత్త అంటున్నదట. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. గీస్తే ఒత్తుగా రావడమన్నది లేదు, పైగా రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తక్కువున్నప్పుడు కత్తిగాటు పడితే చీము పట్టే భయం.

సాధారణంగా ఆఖరి కీమో అయ్యాక మూడు నుంచి ఆరు వారాల్లో నూగు వస్తుంది. నాకు ఒకరోజు పొద్దున అరచేత్తో వెనక నుంచి ముందుకు నిమిరితే కోడిపిల్ల వీపులా మెత్తగా తగిలింది. అద్దంలో ఏమీ కనబడలేదు, చేతికే తెలిసింది. అసలు జుట్టు కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత నెలకు సుమారు ఒక సెంటీమీటరు. మొదట తెల్లగానో ఉంగరాలుగానో వస్తే బెంగపడకు, నాకు ఉంగరాలే వచ్చాయి.

ఆదివారం దేవరకొండ వస్తున్నా. పాత నూలు చీరతో రెండు రుమాళ్ళు కుట్టాను. ఎండకు బయటికి పోతే అవి కట్టుకుందువు.

మీ పెద్దమ్మ