కథకు ఎక్కబోయే అబ్బయ్యకు

అబ్బయ్యా,

తిరునాళ్లలో ఖడ్గతిక్కన బుర్రకథ పెట్టారనీ, కథకుడివి నువ్వేననీ మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. సంతోషం సగం, టెన్షన్ సగం.

తంబుర శ్రుతి సాయంత్రమే చూసుకో. చన్నీళ్లు తాగొద్దు. డక్కీలు వాయించే వంతలిద్దరితో ఒకసారి కథ మొత్తం చెప్పుకోండి. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా జనం గురించి. వెనక నిలబడ్డ కుర్రాళ్ల ఈలలు డక్కీ జోరుకి వస్తాయిరా, కథకి కాదు. ముందు చాపల మీద కూర్చున్న పెద్దోళ్లు ‘ఊఁ’ కొడతారు, తందానతానకి తొడ మీద వేళ్లతో దరువు వేస్తారు. ఆ వేళ్లు చూడు. తిక్కన ఎదిరించిన కాటమరాజును కొలిచే ఊళ్ల వాళ్లూ వస్తారు, ఆయన్ని తక్కువ చెయ్యకు. మేత కోసమేగా ఆవుల్ని పాలేటి గట్టుకు తోలుకొచ్చింది! మేతకి కట్టాల్సిన పుల్లరి పన్ను పేచీ ముదిరి పంచలింగాల పోరుదాకా పోయింది. ఇక చదివింపులు. 116 రూపాయలిచ్చినాయనకి మైకులో తన పేరు వినాలని ఉంటుంది, తప్పులేదు. యుద్ధానికి ముందు విడుపులో చదువు, మధ్యలో మాత్రం వద్దు.

నేను హాస్యం వంత చేసే రోజుల్లో కనిగిరి వైపు ఒక ఊళ్లో ఇదే కథ. తిక్కన యుద్ధం నుంచి వెనక్కి వచ్చాడు. వెన్ను చూపాడని భార్య, ఆడవాళ్లకి పెట్టినట్టు, స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచింది. తల్లి విరిగిన పాలు పోసింది. జనంలో ఊఁ లేదు, ఈల లేదు. నిద్రపోతున్నారనుకున్నా. భయమేసి, “అన్నా, ఆ పసుపు ముద్ద నాకిప్పించు, మా ఇంట్లో చారులోకి లేదు!” అనేశా. వెనక కుర్రాళ్లు గొల్లుమన్నారు. ముందు ఒక ముసలమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. నావైపు చూడలేదు. గోనెపట్టా దులిపి, మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. డక్కీ మీద నా చెయ్యి ఆడలేదు. మా కథకుడు కథ ఆపలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టుంటే బాగుండేది.

తెల్లారి బోరింగు దగ్గర ఆమే కనబడింది. “ఏడుపు గొంతుదాకా వచ్చింది నాయనా. నువ్వు మళ్లీ లోపలికి తోసేశావు” అంది, బిందె ఎత్తుకుంటూ.

అందుకని ఆ ఘట్టంలో వేలి అందెలు కూడా ఆపు. ఇప్పుడైతే సెల్‌ఫోన్లు పైకెత్తుతారు, ఆ వెలుగు చూసి మురిసిపోకు. ఎక్కడ కొంగు పైకి లేచిందో చూడు. రీల్స్ చూసి గెంతడం నేర్చావట, మీ నాన్న చెప్పాడు. గెంతితే కాళ్లు విరగ్గొడతా. చిన్నప్పుడు నా డక్కీ గుడ్డ కప్పుకుని స్టేజీ వెనక పడుకునేవాడివి, తందానతాన అనగానే లేచి కూర్చునేవాడివి. అప్పుడే అనుకున్నా.

మోకాళ్లు సహకరిస్తే వస్తా. ముందు వరసలో ఒక చాప వేయించు. కుర్చీ వద్దు.

మీ తాతయ్య