గోడౌన్‌లో నా మాట ఎవరూ వినడం లేదు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 27 ఏళ్లు. బీకాం అయ్యాక గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాయడానికి చేరాను. ఈ సీజన్ నుంచి గోడౌన్ కూడా నన్నే చూసుకోమన్నారు. తొడిమలు తీసే ఆడవాళ్లు, బస్తాలు మోసే ముఠావాళ్లు, మేస్త్రి అంతా నాకంటే పెద్దవాళ్లే. తొడిమలు తీసేవాళ్లకు కిలో లెక్కన కూలి. సాయంత్రం కాటా వేసేటప్పుడు మేస్త్రి తరుగు అంటూ ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత కోసేస్తాడు. అది అన్యాయమని నాకు తెలుసు. అడగబోతే ‘నిన్నగాక మొన్న వచ్చావు, నీకేం తెలుసమ్మాయ్’ అంటాడు. అంతే, నాకు గొంతు పెగలదు. ఈమధ్య విజయవాడలో ప్రార్థన కూటాలకు వెళ్తే, యేసు నామంలో అధికారమంతా మనదే, రోజూ పొద్దున్నే గట్టిగా ప్రకటించుకోమని చెప్పారు. అలాగే చేస్తున్నాను. ఇంట్లో అద్దం ముందు బాగానే ఉంటుంది, గోడౌన్‌లోకి వెళ్లేసరికి కాళ్లు వణుకుతాయి. నా విశ్వాసంలో లోపం ఉందా? అమ్మేమో మూడు రోజులు ఉపవాసం ఉండమంటోంది.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: కాళ్లు వణకడం అవిశ్వాసమైతే పౌలుగారిని కూడా సంఘంలోంచి పంపించెయ్యాలి తల్లీ. కొరింథువాళ్లకు ఆయన రాసుకున్న మాట చూడు: ‘బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని.’ అంతటివాడు వణుకుతూనే వెళ్లాడు, వణుకుతూనే చెప్పాల్సింది చెప్పాడు. కాబట్టి ఆ దిగులు ఇక్కడితో వదిలెయ్.

ఆ కూటాల మాటకొస్తాను. అధికారం ఇచ్చానని ప్రభువు అన్నది నిజమే, లూకా పదో అధ్యాయంలో ఉంది. అయితే ఆ ప్రసంగీకులు అక్కడితో ఆపేస్తారు. ఆ కిందనే, దయ్యాలు మీకు లోబడుతున్నాయని సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు. ఆ వచనం మైకులో ఎందుకు వినపడదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. స్కెవ కొడుకులు ఏడుగురి సంగతి అపొస్తలుల కార్యాలు 19లో చదువు. వాళ్లు కూడా యేసు నామాన్ని గట్టిగానే ప్రకటించారు. దయ్యం పట్టినవాడు ‘యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరు?’ అని మీదపడి తన్నాడు. బట్టలు కూడా లేకుండా పారిపోయారు.

మరి అధికారం ఎక్కణ్ణుంచి వస్తుంది? కపెర్నహూములో ఆ శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, చెప్పాడు. ప్రభువుతో అతను తన కింద ఎంతమంది ఉన్నారన్నది ముందు చెప్పలేదు. ‘నేను కూడ అధికారమునకు లోబడినవాడను’ అన్నాడు, ఆ తర్వాతే తన చేతికింది సైనికుల ప్రస్తావన. పైన ఒకరికి లెక్క అప్పజెప్పేవాడు కాబట్టే కిందవాళ్లు అతని మాట విన్నారు. నేను బడిలో పాఠాలు చెప్పినదాన్ని. కేకలేసే టీచరు క్లాసులోనే గోల ఎక్కువ. హెడ్మాస్టరమ్మకు దొరక్కుండా ఆలస్యంగా వచ్చే టీచరు పిల్లల ఆలస్యాన్ని అడగలేదు, అడిగినా గొంతులో బలముండదు.

ఇక అసలు విషయం నీ కాటా. నువ్వు ఉత్తరంలో దాన్ని రెండు మాటల్లో దాటేశావు గానీ నాకు అదే పెద్దగా కనిపించింది. సామెతలు 11 మొదటి వచనం: ‘దొంగత్రాసు యెహోవాకు హేయము సరియైన గుండు ఆయనకిష్టము.’ కూలివాళ్ల దగ్గర బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ కేక దేవుడి చెవిన పడుతుందనీ యాకోబు రాశాడు. నువ్వు అద్దం ముందు దేని మీద అధికారం ప్రకటిస్తున్నావో నాకు తెలియదు, నీకు దేవుడు చూపించినది మాత్రం ఈ త్రాసే.

దానికి కొంచెం పని ఉంది. ఖాళీ గోతం కాటా మీద పెట్టి ఎంత తూగుతుందో రాసుకో. ఆ బరువు తీసెయ్యడం న్యాయమే. అంతకు మించి పోయేది తరుగు కాదు, తల్లీ, దానికి వేరే పేరుంది. బరువు తెలిసిన రాయి ఒకటి పెట్టి కాటా సరిగ్గా చూపిస్తోందా చూడు. దాని మీద తూనికలు కొలతల శాఖవాళ్ల ముద్ర ఎప్పటిదో చూడు, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి వేయించాలి. తీరిక చేసుకుని ఒక పూట ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని నువ్వూ తొడిమలు తియ్యి. వేళ్లు మండుతాయి, ఆ మంట సబ్బుకు పోదు, రాత్రి కంట్లో చెయ్యి పెట్టుకోకు. రోజంతా వంగితే ఒక మనిషికి ఎన్ని కిలోలు అవుతాయో అప్పుడు నీకే తెలుస్తుంది. ‘నీకేం తెలుసమ్మాయ్’ అన్నమాటకు జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇది చదువుతూ నీకు కుగ్లరమ్మ గుర్తొస్తే మంచిదే. ఆనా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చేటప్పటికే డాక్టరు. కానీ లూథరన్ మిషన్‌వాళ్లు ఆమెను వైద్యానికి పంపలేదు, ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పమని పంపారు. ఆమె ఆ పనీ చేసింది, కళ్లెదుట జబ్బుపడ్డ ఆడవాళ్లకు వైద్యమూ చేసింది. మెడికల్ మిషనరీ అని ఆమెను నియమించింది 1885లో. ఆసుపత్రి లేచింది 1898లో. నీకు పదవి ముందే వచ్చేసింది కాబట్టి ఇంకా తేలిక.

తర్వాత ఓనరు దగ్గరికి వెళ్లు. మేస్త్రి మీద ఫిర్యాదు చెయ్యకు. ‘తూకం పుస్తకం నా దగ్గర ఉంటుంది, తరుగు ఎంతన్నది మీరే నిర్ణయించి, ఆ మాట అందరి ముందూ చెప్పండి’ అని అడుగు. ఆయన ఒప్పుకుంటే మేస్త్రితో నువ్వు అరవక్కర్లేదు. ‘బాబాయ్, ఇవాళ్టి నుంచి కాటా అంకె వాళ్లకు కనపడేట్టు తిప్పి పెడదాం, నేను పైకి చదివి రాస్తాను, ఎవరి చీటీ వాళ్లకిద్దాం’ అను. మిగతా ముఠావాళ్ల ముందు కాదు, పొద్దున్నే టీ తాగేటప్పుడు విడిగా. అతనూ పెద్దవాడే, నలుగురిలో తల దించుకుంటే నీ మీద పగ పెంచుకుంటాడు.

ఆ కోత ఓనరుకు తెలిసే జరుగుతుంటే? అలా ఉండకూడదని కోరుకుంటాను, ఉంటే మాత్రం నువ్వు రాసే పుస్తకంలో తప్పు అంకె వెయ్యనని మర్యాదగా చెప్పు. ఉద్యోగం పోతుందా అంటే పోవచ్చు. దేవుడు ఇంకోటి వెంటనే ఇస్తాడని నేను చీటీ రాసివ్వలేను. బీకాం చదివి మిర్చి లెక్కలు తెలిసిన మనిషి గుంటూరులో ఖాళీగా మాత్రం ఉండదు. ఇంట్లో ఎవరెవరు నీ జీతం మీద ఆధారపడ్డారో చూసుకుని, చేతిలో కాస్త డబ్బు పెట్టుకుని మాట్లాడు. దీన్ని అవిశ్వాసం అనుకోకు.

అద్దం ముందు ప్రకటన మానెయ్యమని చెప్పను. దాంతోపాటు గోడౌన్‌కు వెళ్లేముందు అక్కడ పనిచేసే ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థన చెయ్యి. పేర్లు తెలియకపోతే ముందు అవి తెలుసుకో.

ఇక మీ అమ్మగారి ఉపవాసం. ఉండొచ్చు, ఆదివారం ఉండు. పని రోజుల్లో మాత్రం వద్దని చెప్పు. ఏప్రిల్ ఎండలో, ఆ మిరప ఘాటులో, ఖాళీ కడుపుతో నిలబడితే మేస్త్రితో మాట్లాడటానికి ముందే కళ్లు తిరిగి పడతావు.