వీధి గాయకుణ్ణి బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటో తీస్తే అద్దంలోనో నీటిలోనో అతని ప్రతిబింబం ఎందుకు మసకగా వస్తోంది?

చాలాసార్లు తప్పు ఫోకస్‌దే. ప్రతిబింబం అద్దం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ లెన్స్ లెక్క వేరు. కెమెరా నుంచి అద్దానికి 2 మీటర్లు, అద్దం నుంచి గాయకుడికి 3 మీటర్లు ఉంటే, ప్రతిబింబం 5 మీటర్ల దూరంలో ఉన్నట్టే. ఆటోఫోకస్ అద్దం మీది దుమ్మును పట్టుకుంటే మనిషి మసకబారతాడు. ఫోకస్ పాయింట్‌ను ప్రతిబింబంలోని ముఖం మీదే పెట్టండి. 28 ఎంఎం వెడల్పు లెన్స్, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం చిన్నది) అయితే ఫోకస్ కాస్త తప్పినా కొంత వెసులుబాటు ఉంటుంది.

లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, నీటి మీద, గాజు మీద అది ప్రతిబింబాన్నే తుడిచేయగలదు.

అద్దం లేకపోతే వాన నీటి గుంట చిన్నదైనా చాలు. కెమెరాను నీటికి జానెడు ఎత్తుకు దించండి. చూపు నీటికి ఎంత ఏటవాలుగా ఉంటే ప్రతిబింబం అంత గాఢంగా వస్తుంది. నీటిలో తెల్లని ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ వరకు (అంటే వెలుతురు సగం దాకా) తగ్గించండి, లేకపోతే ఆ భాగం వెలిసిపోతుంది. షట్టర్ 1/30 సెకను దగ్గర తీగలు మీటే వేళ్లు చెదిరి, కదలని ముఖం నిలుస్తుంది. నాకు అదే అందం.

రా (RAW) ఫైల్‌లోనే, అంటే కెమెరా రంగుల సమాచారమంతా దాచే ఫైల్‌లోనే తీయండి. ఎర్ర చొక్కా, పచ్చ గోడ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, తర్వాత ఎడిటింగ్‌లో ఎరుపును మాత్రమే వెలిగించి విడదీయవచ్చు.