బయానా ఇచ్చాక బయటపడ్డ లోపాలు

సందేహం: నల్లగొండ రామగిరిలో పన్నెండేళ్ల కిందట కట్టిన ఇల్లు 46 లక్షలకు కొనడానికి ఒప్పందం రాసుకుని 5 లక్షలు బయానా ఇచ్చాను. తర్వాత ఇంజినీరుకు చూపిస్తే, వెనక గది స్లాబులో ఇనుము తుప్పు పట్టిందనీ, రెండు పిల్లర్లను బలపరచాలనీ, 7 లక్షల దాకా ఖర్చవుతుందనీ రాసిచ్చారు. ప్రహరీ కూడా అడుగున్నర రోడ్డు స్థలంలో ఉందట. ఇంటి యజమాని "చూసుకునే కదా బయానా ఇచ్చారు, వెనక్కి తగ్గితే డబ్బు రాదు" అంటున్నారు. ఏం చేయాలి? - మిర్యాలగూడ పాఠకుడు

సమాధానం: రిజిస్ట్రేషన్‌కు ముందే ఇంజినీరును పిలిచి మీరు చాలా మంచి పని చేశారు. లింకు డాక్యుమెంట్లూ (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) పదిసార్లు తిరగేసేవారు కూడా స్లాబు వైపు ఒకసారి తలెత్తి చూడరు. ఆ తర్వాత కష్టార్జితం మరమ్మతులకు ధారపోస్తుంటే చూడటం బాధగా ఉంటుంది.

"చూసుకునే కదా" అన్న మాటకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55లో జవాబుంది. ఇంట్లో ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేనిదైతే, దాన్ని ముందే చెప్పడం అమ్మేవారి బాధ్యత. చెప్పకుండా దాచడాన్ని చట్టం మోసంగానే చూస్తుంది. గోడ మీద పగులు ఎవరికైనా కనిపిస్తుంది, దాని మీద మీ వాదన నిలవదు. స్లాబు లోపలి తుప్పు అలాంటిది కాదు.

అయితే ఆయనకు తెలుసని చూపించాలి. మీ కేసు బలమంతా ఇక్కడే ఉంది. స్లాబు పెచ్చులు ఊడిన చోట మాత్రమే కొత్త సిమెంటు పూత, పైన కొత్త రంగు ఉన్నాయా? ఉంటే ఆ సంగతి ఇంజినీరు తన నివేదికలో ఫొటోలతో, తేదీతో రాయాలి. పాత కిరాయిదారునూ, పూత వేసిన మేస్త్రీనీ అడిగి చూడండి. ఒప్పందంలో "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అన్న వాక్యం ఉందేమో కూడా చూడండి. ఉంటే మీ పక్షం కొంత బలహీనపడుతుంది. కానీ తెలిసి దాచిన మోసానికి ఆ వాక్యం రక్షణ కాదు.

ప్రహరీ సంగతి వేరు. రోడ్డు స్థలాన్ని అమ్మే హక్కు ఆయనకు లేదు. ఒప్పందంలోని కొలతల్లో ఆ అడుగున్నర కలిసి ఉంటే అంతమేర ధర తగ్గాలి, గోడను ఆయన ఖర్చుతోనే వెనక్కి జరిపించాలి. ఇందులో మాత్రం రాజీ పడకండి.

బయానా రాదన్న బెదిరింపుకు లొంగనక్కర్లేదు. కొనేవారు మాట తప్పినప్పుడే దాన్ని జప్తు చేసుకునే ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా ధరలో భాగంగా ఇచ్చిన సొమ్మును జప్తు చేసుకోలేరని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ 5 లక్షలను మీ కాగితంలో బయానా అని రాశారో, ధరలో భాగమని రాశారో చూడండి. న్యాయమైన కారణంతో మీరు ఇల్లు వద్దంటే, ఇచ్చిన సొమ్ము రాబట్టుకోవడానికి ఆ ఇంటి మీదే మీకు ఛార్జి, అంటే ఆ ఆస్తి నుంచే బాకీ వసూలు చేసుకునే హక్కు, ఉంటుంది.

నోటిమాటగా "నాకొద్దు" అని మాత్రం అనకండి, మాట తప్పింది మీరేనని ఆయన దాన్ని వాడుకుంటారు. కొనడానికి సిద్ధంగానే ఉన్నాననీ, 7 లక్షలు తగ్గించాలనీ లేదా మీ ఇంజినీరు పర్యవేక్షణలో మరమ్మతు చేయించాలనీ నివేదిక నకలు జతచేసి స్పీడ్ పోస్టులో రాయండి. ఆయన ఒప్పుకుంటే సాక్షుల సంతకాలతో అనుబంధ ఒప్పందం రాసుకోండి. ఒప్పందంలోని గడువుకు కనీసం పది రోజుల ముందే ఆ ఉత్తరం ఆయన చేతికి అందాలి.