తాతయ్య గురించి రాయబోతున్న చిన్నికి

చిరంజీవి చిన్నిని ఆశీర్వదించి బందరు మామ్మ రాయునది.

సంవత్సరీకం నాటికి తాతయ్య మీద చిన్న పుస్తకం వేయించి వచ్చినవాళ్ళకి పంచుతానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్‌లో అన్నావు. ఆయన చెల్లెల్ని కాబట్టి చెప్పాల్సింది చాలా ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని కాగితం మీద పెడుతున్నాను.

ముందు మనుషుల దగ్గరికి వెళ్ళు తల్లీ. బీరువాలో కాగితాలు ఇంకో నెల ఆగుతాయి, అన్నయ్య దగ్గర పాలేరుగా చేసినాయన ఆగకపోవచ్చు. ఆయనకి ఎనభై దాటాయి. వెళ్ళినప్పుడు "తాతయ్య ఎలాంటి మనిషి?" అని అడగకు. "దేవుడమ్మా" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. పొద్దున్నే లేచి ముందు ఏం చేసేవాడు, కోపం వస్తే ఏమనేవాడు, కూలి డబ్బులు ఎలా ఇచ్చేవాడు అని అడుగు. ఫోన్‌లో రికార్డు పెట్టి పక్కన ఉంచేయ్. మధ్యలో అడ్డు వెళ్ళకు. వాళ్ళు ఆగిపోతే నువ్వూ కాసేపు ఆగు. అసలు సంగతులు చాలాసార్లు ఆ తర్వాతే వస్తాయి.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో అన్నయ్య పుట్టినరోజు 1935 జనవరి 1 అని ఉంది. అది ఎవరో అడిగితే ఎవరో చెప్పిన తేదీ. మా అమ్మ మాత్రం "పెద్దాడు ఆంగీరసలో పుట్టాడు" అనేది. ప్రభవ నుంచి లెక్కపెడితే ఆంగీరస ఆరోది. 1927లో ప్రభవ వచ్చింది కనుక ఆంగీరస అంటే 1932 ఉగాది నుంచి 1933 ఉగాది దాకా. అమ్మ మాటే నమ్ము. మన వైపు పెద్దవాళ్ళు అంకెల్లో చెప్పరు, "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అంటారు. అది 1977 నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. ఆ ఒక్క తేదీని మేకులా కొట్టి పెట్టుకుంటే మిగతావన్నీ దానికి తగిలించుకోవచ్చు.

ఉప్పెన గురించి నువ్వు తప్పకుండా రాస్తావు. దివిసీమలో సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టేసింది. ప్రాణాలు పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. నేను అప్పటికే బందరు కోడలిని. దారులు తెగిపోయి ఎనిమిదో రోజుకి గానీ ఊరు చేరలేకపోయాను. చేలో పంట కోతకొచ్చి మునిగిపోయింది. ఇంట్లో ఉన్నదల్లా గాదెలో మిగిలిన పాత ధాన్యం. అన్నయ్య దాని తలుపు తీసేశాడు. ఎన్ని బస్తాలు పంచాడని అడిగితే ఒకరు పది అంటారు, ఒకరు యాభై అంటారు. ఏ అంకే వేయకు. "గాదె అడుగు చీపురుతో ఊడ్చాను" అని వదిన నాతో అంది. ఆ మాట వేయి.

వదిన అంటే గుర్తొచ్చింది. అన్నయ్య దానగుణం అంటూ నువ్వు ఎన్ని పేజీలు రాసినా, మీ నాయనమ్మ లేకపోతే అవి అబద్ధం. ఉప్పెన తర్వాత ఇరవై రోజులూ పెరట్లో రాళ్ళ పొయ్యి మీద గంజి కాచింది ఆవిడ. తడి కట్టెలు అంటుకోక కళ్ళు మండి నీళ్ళు కారేవి. బావుల్లోకి ఉప్పునీళ్ళు చేరితే తాగే నీటికి బిందె ఎత్తుకుని నడిచింది కూడా ఆవిడే. అడిగినవాళ్ళకి లేదనడన్న పేరు ఆయనకొచ్చింది, ఎసరు పెట్టిన చెయ్యి ఆవిడది. పుస్తకం తాతయ్యది కదా అని ఆవిణ్ణి ఒక్క వాక్యంలో సరిపెట్టకు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. బీరువా కింది అరలో ఎర్ర గుడ్డ మూట ఉంటుంది. అందులో రెవెన్యూ స్టాంపులు అంటించిన ప్రోనోట్లు ఉన్నాయి, చాలానే. నోటు రాసిన మూడేళ్ళలోపు కొంత బాకీ కట్టించుకుని, నోటు వెనక ఆ చెల్లు రాయించి సంతకం తీసుకోకపోతే కాలదోషం పట్టి, ఆ నోటు కోర్టుకి పనికిరాదు. అన్నయ్యకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా వాటిలో ఎక్కువ వాటికి వెనక చెల్లు లేదు. ఆయన అడగలేదు. కూతురి పెళ్ళికి ఒకరు, గేదె చచ్చిపోయి ఒకరు, బిడ్డ చదువుకి ఒకరు పట్టుకెళ్ళారు. ఆ పేర్లు నీ పుస్తకంలో ఉండకూడదు చిన్నీ. మొదటి అక్షరం కూడా వద్దు. ఊళ్ళో ఎవరైనా ఇట్టే పోల్చేస్తారు.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. పదిహేనేళ్ళ కిందట మా ఆయన పోయినప్పుడు నేనూ ఇలాగే ఓ పుస్తకం వేయించాను. ఆయన గొప్పదనం తెలియాలని ఫలానా అబ్బాయికి కాలేజీ ఫీజు ఇంత కట్టారని పేరు పెట్టి రాశాను. ఆ అబ్బాయి అప్పటికే పెళ్ళీడు పిల్లల తండ్రి. కుటుంబంతో వచ్చాడు. నిలబడే ఆ పేజీ చదివి, పుస్తకం కుర్చీలో పెట్టి, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. మా ఆయన చచ్చేదాకా దాచిన మాటని నేను అచ్చు వేయించి పంచిపెట్టాను. ఆ తర్వాత అతను మా గడప తొక్కలేదు. నువ్వు ఆ పొరపాటు చేయకు. అన్నయ్య ఎవరికైనా డబ్బు ఇచ్చేటప్పుడు తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఇచ్చేవాడు. ఎలా ఇచ్చాడో రాయి, ఎవరికి ఇచ్చాడో వదిలేయ్.

కోపం సంగతి కూడా రాయి. పదకొండో తరగతి అయ్యాక నేను బందరులో టీచరు ట్రైనింగుకి వెళ్తానంటే అన్నయ్య కుదరదన్నాడు. రెండేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో ఏడు తనే ట్రంకుపెట్టె మోసుకొచ్చి నన్ను బస్సెక్కించాడు. క్షమించమని అడగలేదు గానీ కిటికీలోంచి జంతికల పొట్లం ఇచ్చాడు. ఇది తీసేస్తే ఆయన నాకు అన్నయ్యలా కనబడడు, గోడ మీద పటంలా ఉంటాడు.

భక్తి గురించి ఏం రాయాలో తెలియడం లేదన్నావు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగి, వేణుగోపాలస్వామి కల్యాణం చూసి రావడం ఊళ్ళో అందరూ చెప్తారు. అది రెండు వాక్యాల్లో పెట్టు. నువ్వు చూడాల్సింది ఆయన రామకోటి పుస్తకాలు. రోజూ తెల్లవారుజామున రాసి, పేజీ కింద తేదీ వేసేవాడు. జ్వరం వచ్చినా మానలేదు. 1977 పుస్తకం తీసి చూడు. నవంబరు 19 తర్వాత ఇరవై రెండు రోజులు ఒక్క శ్రీరామ కూడా లేదు. ఆ రోజుల్లో ఆయన చలికి వణుకుతూ బావులు తోడించాడు, దిక్కులేని శవాలకి నిప్పు పెట్టాడు. తర్వాత పేజీలో మళ్ళీ శ్రీరామ మొదలైంది, చేతిరాత కొంచెం వంకరగా ఉంటుంది. ఏ సంజాయిషీ రాసుకోలేదు. ఆ రెండు పేజీలూ పక్కపక్కన ఫొటో తీసి పుస్తకంలో వేయించు. కింద తేదీలు చాలు.

అచ్చుకి ఇచ్చేముందు పెద్దక్షరాల్లో ప్రింటు తీసి మీ నాన్నకీ, పాలేరుగారికీ చదివి వినిపించు. వాళ్ళు ఎక్కడ ముఖం పక్కకి తిప్పుకుంటారో ఆ చోటు మళ్ళీ రాయి.

నా దగ్గర అన్నయ్య రాసిన కార్డులు పద్నాలుగు ఉన్నాయి, ఇనప తీగకి గుచ్చినవి. కొరియర్‌లో పంపమన్నావు గానీ పంపను. నువ్వే రా, రెండు రోజులు ఉండేట్టు రా. కొన్ని చోట్ల సిరా అలికిపోయింది. అవి నేనే చదివి చెప్పాలి.

ఆశీస్సులతో,
బందరు మామ్మ