పిస్టన్ పోయిందన్నారా? ఇంజిన్ విప్పే ముందు ఇది చదవండి

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది లక్ష మైళ్ళు దాటిన కామ్రీయో సొనాటానో ఏదో ఒక పాత కారు కొంటారు. అది ఒకరోజు నీలం పొగ వదులుతూ వణకడం మొదలుపెడితే మెకానిక్ పిస్టన్ (ఇంజిన్ సిలిండర్‌లో పైకీ కిందకీ కదిలే భాగం) పోయిందని చెప్పి వేల డాలర్ల లెక్క చేతిలో పెడతాడు, ఇక వీడియోలు చూసి మనమే మార్చేద్దామా అనిపిస్తుంది. మార్చుకోవచ్చు, కానీ పోయింది పిస్టనేనని ముందు మీరు ఖాయం చేసుకోండి.

ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి కంప్రెషన్ టెస్టర్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటర్) తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు. ఒక సిలిండర్‌లో రీడింగ్ మిగతావాటికంటే బాగా తక్కువుంటే, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు, పెరగకపోతే పోయినవి వాల్వులో, హెడ్ గాస్కెటో (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) అయ్యుండొచ్చు. పిస్టన్‌కి చిల్లు పడినా పెరగదు కాబట్టి, ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరాని అదే రంధ్రంలోంచి లోపలికి దింపి చూస్తే అనుమానం తీరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో మీ కారు 17 అక్షరాల విన్ నంబర్ (కారు గుర్తింపు సంఖ్య) కొట్టి రీకాల్ (లోపం ఉందని కంపెనీ కార్లని వెనక్కి పిలిచి బాగుచేయడం) ఏమైనా ఉందేమో చూడండి, డీలర్‌కి ఫోన్ చేసి వారంటీ పొడిగింపు గురించి కూడా అడగండి. హ్యుందాయ్, కియా కొన్ని మోడళ్ళకి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ వల్ల ఇంజిన్ పోతే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి కూడా వర్తించేలా, వారంటీని బాగా పొడిగించాయి. డీలర్ చూడకముందే మీరు విప్పేస్తే ఆ అవకాశం చేజారిపోవచ్చు, దయచేసి తొందరపడకండి.

ఇవన్నీ చూశాక కూడా చేయాలనుకుంటే సొంత గరాజ్, ఆఫీసుకి వెళ్ళడానికి ఇంకో కారు ఉండాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది, సగం విప్పిన కారుని టో చేసేస్తే ఉన్నదీ పోతుంది. కారు కిందకి దూరాల్సి వస్తే జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు, కారు బరువు మోసే జాక్ స్టాండ్లు వేయాల్సిందే.

హెడ్ (ఇంజిన్ పైభాగం), ఆయిల్ పాన్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తీశాక పిస్టన్ రాడ్‌తో సహా పైనుంచి బయటకి వస్తుంది. అక్కడ ఆగి సిలిండర్ గోడ చూడండి: గోటికి తగిలేంత గీతలుంటే కొత్త పిస్టన్ వేసినా ప్రయోజనం ఉండదు, బ్లాక్‌ని మెషిన్ షాపుకి పంపాలి, ఆ ఖర్చులో జంక్‌యార్డ్ ఇంజిన్ మేలు కావచ్చు. గోడ బాగుంటేనే ముందుకెళ్ళండి. పాత పిస్టన్ ఎందుకు పోయిందో, వేడెక్కిందో ఇంజెక్టర్ మూసుకుపోయిందో తెలుసుకోకపోతే కొత్తదీ పోతుంది. కొత్త రింగుని ముందు సిలిండర్‌లో పెట్టి దాని రెండు కొసల మధ్య గ్యాప్ కొలవండి, రింగుల గ్యాప్‌లన్నీ ఒకే వరసలో రాకూడదు, పిస్టన్ మీది గుర్తు మాన్యువల్ చెప్పిన వైపే ఉండాలి. ఏ రాడ్ క్యాప్ (రాడ్ కింది చివర బిగించే ముక్క) ఆ రాడ్‌కే వెళ్ళాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగించాక సాగిపోతాయి, కొత్తవే వేయండి, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకుండా ఒక్క బోల్టూ బిగించొద్దు.

పని వచ్చేసింది కదా అని ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు డబ్బు తీసుకుని వేరేవాళ్ళ కార్లు ముట్టుకోవద్దు, అది అనుమతి లేని ఉద్యోగం అవుతుంది, వీసాకే ముప్పు. తీసిన పాత ఆయిల్‌ని చాలా ఆటో పార్ట్స్ షాపులు ఉచితంగా తీసుకుంటాయి. కూలెంట్ మాత్రం తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ తిరిగేచోట ట్రేలో వదిలేయకుండా ఆ రోజే డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టండి.